పాత చర్చి గోడలకు సిమెంటు పూత వద్దు

సంపాదకులకు,

పాడుబడిన చర్చిని గ్రంథాలయంగానో మ్యూజియంగానో వాడుకోవడంలో తప్పేమీ లేదు. మన విశాఖపట్నం రాస్ హిల్ మీద జరిగింది దీనికి తిరగేసిన పని: 1864లో రాస్ అనే దొర కట్టించుకున్న ఇల్లు తర్వాత ప్రార్థనాలయమైంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 1294లో ప్రతిష్ఠించిన డొమినికన్ చర్చి కొన్నాళ్లు సైకిళ్ల కొట్టుగా కూడా ఉండి, 2006లో పుస్తకాల దుకాణమైంది. అక్కడ ఉక్కు చట్రాన్ని ఒక పక్కగా నిలబెట్టి, అరలూ మెట్లూ అంతస్తులూ దాని మీదే కట్టారు. ఎప్పుడైనా విప్పేస్తే చర్చి చర్చిలాగే మిగులుతుంది.

మన పాత నగరంలో చర్చిని అలా మార్చేటప్పుడు జాగ్రత్తపడకపోతే మొదట చెడేది గోడలే. పునాదుల నుంచి చెమ్మ పైకి పాకుతుంది, సముద్రపు గాలి ఉప్పు తెస్తుంది. సున్నపు పూత ఉన్న గోడ ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత, దాని మీద ప్లాస్టిక్ రంగు వేస్తే దారి మూసుకుపోయి, ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి పూత పెచ్చులుగా ఊడుతుంది, ఇటుక ముఖాన్ని వెంట తీసుకుని మరీ.

కాల్చిన సున్నాన్ని తొట్టిలో నీళ్లు పోసి విరిపి కనీసం మూడు వారాలు నాననివ్వాలి. జల్లెడ పట్టి, ఒక పాలుకు మూడు పాళ్ల ఏటి ఇసుక కలిపి గానుగాడాలి. సముద్రపు ఇసుక అసలు వద్దు. ఒక్కో పొర 10 మిల్లీమీటర్లు దాటకూడదు, తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో నెమ్మదిగా గట్టిపడేది సున్నం. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖాయం చేసిన చోట మేస్త్రీ సిమెంటు బస్తా విప్పడానికి కారణం ఇదే.

గోడలోని పాత ఇనప బద్దీలు తుప్పుపట్టి ఉబ్బితే రాయి చీలుతుంది. మార్చాల్సి వస్తే స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. పైకప్పు బరువుకు గోడలు బయటికి ఒరగకుండా లాగి పట్టే అడ్డ కడ్డీలను మాత్రం చూపుకు అడ్డమని కోయకండి.

పుస్తకాల బీరువాలున్న అంతస్తు చదరపు మీటరుకు 600 కిలోలైనా మోయాలి. అంత బరువు పాత గోడ మీద వేయకూడదు. కొత్త అంతస్తుకు సొంత కాళ్లు, సొంత పునాది ఉండాలి. అది పై కిటికీలను మూస్తే ఎత్తైన హాలుకున్న చల్లదనమూ పోతుంది. వైర్ల కోసం గోడ చెక్కకుండా గొట్టాలను గోడ ముఖం మీదుగానే తీసుకెళ్లవచ్చు. రావి మొలకలను లాగితే రాళ్లు కదులుతాయి. మొదలు కోసి, వేరు చచ్చాక సున్నంతో పూడ్చాలి.

మరమ్మతు టెండరుకు ముందే గోడలోని పాత సున్నపు అడుసు గుప్పెడు తీసి తూచి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి చూడండి. సున్నం పొంగి కరిగి ఇసుక అడుగున మిగులుతుంది. అడుసులో గవ్వల ముక్కలుంటే అవీ కరిగిపోతాయి కనుక ముందే ఏరేయాలి. ఇసుకను కడిగి ఆరబెట్టి మళ్లీ తూస్తే పాతవాళ్లు కలిపిన పాళ్లు తెలుస్తాయి. ఆ పాళ్లనే టెండరు పత్రంలో రాయాలని నగరపాలక సంస్థను కోరుతున్నాం.

— పాత కట్టడాల మరమ్మతు పనివారు, వన్ టౌన్, విశాఖపట్నం