అరిగిన అక్షరాల ఆర్డర్లు: ఇకపై ఇలా చేస్తాం

మా అరండల్‌పేట షాపు కస్టమర్లకు నమస్కారం.

ఈమధ్య కాఫీ షాపు బోర్డు నుంచి కారం ప్యాకెట్ దాకా చాలామంది ఒకటే అడుగుతున్నారు. లావుపాటి ఇంగ్లీషు అక్షరాలు, పైనా కిందా మందమైన పట్టీలు, మీద రంగు పెచ్చులూడినట్టు మచ్చలు. ఈ పట్టీల అక్షరాల్ని స్లాబ్ సెరిఫ్ అంటారు. 1815 ప్రాంతంలో లండన్‌లో అచ్చు అక్షరాలు తయారుచేసే విన్సెంట్ ఫిగ్గిన్స్ వీటిని అమ్మకానికి పెట్టాడు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ అచ్చు వేసే చెక్క అక్షరాల్ని యంత్రంతో చెక్కడం మొదలుపెట్టాక పెద్ద పోస్టర్లకెక్కాయి. చెక్క అరిగి, సిరా సమంగా అంటక వచ్చిన మచ్చల్నే ఇప్పటి ఫాంట్లు అనుకరిస్తాయి. అప్పటి ప్రెస్సువాళ్లు అవి రాకూడదని తంటాలు పడితే, మనం డబ్బిచ్చి వేయించుకుంటున్నాం!

మేం కొన్న ఫాంట్‌కి వ్యాపార లైసెన్స్ ఉంది. నెట్‌లో ఉచితంగా దొరికేవి చాలావరకు సొంత వాడకానికి మాత్రమే. అలాంటి ఫైల్ తెస్తే లేబుల్ వేయం.

బోర్డు మీద పేరుకి, టీషర్టుకి, సీసా మీద పెద్ద అక్షరాలకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. ఒకటి రెండు పదాలు, అంతే. కాఫీ అని ఇంగ్లీషులో రాస్తే రెండు ఎఫ్‌లు, రెండు ఈలు పక్కపక్కనే వస్తాయి. రెండిటికీ ఒకేచోట మచ్చ ఉంటే కంప్యూటర్ పనని ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మా ఫాంట్‌లో పెద్ద అక్షరం కీకి ఒక రకం అరుగుదల, చిన్న అక్షరం కీకి ఇంకో రకం ఉన్నాయి; ఏది నొక్కినా వచ్చేది పెద్ద అక్షరమే. వాటిని మార్చి మార్చి వాడతాం.

వినైల్ కటింగ్‌కి, అంటే రంగు ప్లాస్టిక్ షీటుని అక్షరాల ఆకారంలో కత్తిరించి అంటించే పనికి, మాత్రం ఇవ్వలేం. ప్రతి మచ్చ చుట్టూ బ్లేడు తిరగాలి, ఆ నలుసులన్నీ చేత్తో పీకాలి. ఎండకి చిన్న ముక్కలు లేచిపోతాయి కూడా. ప్రింట్ చేసి అంటిస్తాం.

అసలు తలనొప్పి తెలుగు పేర్లతోనే. ఈ ఫాంట్‌లో తెలుగు లేదు. లావుపాటి తెలుగు అక్షరం తీసుకుని మచ్చలు మేమే వేయాలి. ఎక్కడ పడితే అక్కడ వేస్తే కుదరదు. ప కింద చిన్న గీత మిగిలితే ఫ అవుతుంది, పచ్చడి కాస్తా ఫచ్చడి అయి కూర్చుంటుంది. ధ కింద గీత చెరిగితే ద. అందుకే ఒత్తుల దగ్గర మచ్చలు వేయం, పక్క షాపువాళ్ల బోర్డు చూపించి అడిగినా సరే. ఈ పనికి ఒక్కో పేరుకి 400 రూపాయలు అదనం.

ఎమ్మార్పీ, బరువు, తేదీలు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మామూలు అక్షరాల్లోనే వేస్తాం. స్పష్టంగా చదవగలిగేలా ఉండాలన్నది రూలు. ఇందులో బేరం లేదండి.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవారికి పాత రేటే. ప్రూఫ్ (అచ్చుకి ముందు చూసుకునే నమూనా) వాట్సాప్‌లో పంపుతాం. ఫోన్‌లో పెద్దది చేసి కాదు, ప్యాకెట్ సైజులో కాగితం మీద తీయించి చూసుకుని ఓకే చెప్పండి.