గజ్జిని దాచకండి, మచ్చలకు భయపడకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం ఒక పాప పక్కన కూర్చోవడానికి ఇద్దరు పిల్లలు ఒప్పుకోలేదు. ఏ తరగతో చెప్పను. పాప మోచేతుల మీద తెల్లమచ్చలున్నాయి, "అంటుకుంటాయట" అన్నారు. అదే వారం ఇంకో తరగతిలో ఒక బాబు వేళ్ల సందులు గోక్కుని పుండ్లు చేసుకున్నాడు. ఇంట్లో అందరికీ రెండు వారాలుగా దురద ఉందట. చెప్పడానికి మొహమాటపడ్డారు. అంటని దానికి భయపడుతున్నాం, అంటేదాన్ని దాస్తున్నాం. నాకు బాధ కలిగింది, అందుకే ఈ ఉత్తరం.

ఆ పాపకున్నది బొల్లి. చర్మానికి రంగునిచ్చే కణాలను మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున దెబ్బతీస్తే ఇది వస్తుంది. తాకినా, కలిసి తిన్నా, బట్టలు మార్చుకున్నా రాదు. దీనికి పూత మందులు, కాంతి చికిత్స ఉన్నాయి, చాలామందిలో కొంతవరకు రంగు తిరిగి వస్తుంది.

గజ్జి సంగతి వేరు. కంటికి దాదాపు కనిపించనంత చిన్న పురుగు చర్మం పైపొరలో దూరి గుడ్లు పెడుతుంది. శుభ్రంగా ఉండేవాళ్లకూ వస్తుంది, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే దురద లేనివాళ్ల నుంచి కూడా పాకుతుంది. అందుకే పిల్లవాడికి ఒక్కడికే మందు రాస్తే లాభం లేదు, ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. డాక్టర్లు ఎక్కువగా పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాసిస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా వదలకుండా పట్టించి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడిగేయాలి. సాధారణంగా వారం తర్వాత మరోసారి రాయాలి. మందు రాసిన రోజే దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకండి. పురుగులు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, టెన్షన్ పడి మందు మళ్లీ మళ్లీ పూయకండి.

తామర గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గుండ్రంగా, అంచులు ఎర్రగా, పొట్టు రాలుతూ కనిపించే ఈ మచ్చలు ఫంగస్ వల్ల వస్తాయి. డాక్టర్‌కు చూపించకుండా తెచ్చుకునే క్రీముల్లో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండ్రోజుల్లో దురద తగ్గి హాయిగా అనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. తర్వాత అసలు మందుకు కూడా త్వరగా లొంగదు. దయచేసి ఆ పని చేయకండి. డాక్టర్ ఇచ్చిన మందు, మచ్చ పోయినట్టు కనిపించినా, చెప్పినన్ని రోజులూ వాడండి.

చర్మం పొడిబారి దురద పెట్టే ఎగ్జిమా అంటదు. ఆ పిల్లలకు స్నానం కాగానే ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాస్తే చాలా ఉపశమనం. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించండి, కుష్ఠు కావచ్చు. మందులతో పూర్తిగా నయమవుతుంది.

గజ్జికి మొదటిసారి మందు రాసిన మర్నాడు బడికి పంపవచ్చు. తామర ఉంటే చికిత్స మొదలుపెట్టి, మచ్చ కప్పి పంపండి. చీము పుండ్లుంటే ఎండిపోయే దాకా, లేదా డాక్టర్ సరే అనే దాకా ఇంట్లో ఉంచండి. ఏదున్నా క్లాస్ టీచర్‌కు ఫోన్ చేయండి, పిల్లల పేరు మా దగ్గరే ఉంటుంది.

ఇంకో విన్నపం. ఈ రాత్రి భోజనాల దగ్గర, తెల్లమచ్చలు అంటవని మీ పిల్లలకు మీ నోటితో చెప్పండి. నేను చెప్పినదానికంటే మీరు చెబితే వాళ్లు నమ్ముతారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు