ఆ గదిలో చనిపోయింది పదకొండు మంది

సంపాదకులకు నమస్కారం.

రష్యా జార్ (చక్రవర్తి) రెండో నికొలాయ్ చిన్న కూతురు అనస్తాసియా తప్పించుకుందన్న కథ ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది, మొన్న మా మనవరాలు కూడా "నిజమేనా తాతయ్యా" అని అడిగింది. నిజం కాదు. 1918 జులై 17న తెల్లారకముందే యెకాతెరిన్‌బర్గ్‌లో ఇపాతియెవ్ ఇంటి కింది గదిలో రెండో నికొలాయ్‌నీ, భార్యనీ, ఐదుగురు పిల్లల్నీ చంపేశారు. 1991లో తవ్విన గోతిలో కనిపించని ఇద్దరు పిల్లల ఎముకలు 2007లో దొరికాయి, డీఎన్‌ఏ పరీక్షతో లెక్క సరిపోయింది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. వాళ్లతో పాటు డాక్టర్ బోత్కిన్, వంటమనిషి ఖరితోనోవ్, నౌకరు త్రుప్, పనిమనిషి అన్నా దెమిదోవా కూడా ఆ గదిలోనే చనిపోయారు. నగలు లోపల పెట్టి కుట్టిన దిండు పట్టుకుని మెట్లు దిగింది దెమిదోవా. 1905లో అర్జీ పట్టుకొచ్చిన కార్మికుల మీద జార్ సైన్యం కాల్పులు జరిపింది, ఆ పాపం చిన్నదేం కాదు, ఒప్పుకుంటాను, కానీ దిండు మోసిన మనిషి చేసిన నేరం ఏమిటి? 1613 నుంచి 1917 దాకా రష్యాని ఏలిన జార్ వంశం రోమనోవ్‌ల గురించి ఈసారి వేసేటప్పుడు ఆ నలుగురి పేర్లు కూడా వెయ్యండి.

– ఒక పాఠకుడు, గుంటూరు