మిద్దె తోట సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పందిరి సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు. ఆకుకూరల కుండీలు, కంపోస్టు డ్రమ్ములు ఎప్పట్లాగే నడిచాయి. కార్యదర్శిగా నేను చెప్పాల్సిందంతా ఈసారి తీగ కూరగాయల పందిరి గురించే.

హైదరాబాదు డాబా మీద మనకు లేనిది జాగా. ఒక్క గుమ్మడి పాదును పాకనిస్తే బట్టలు ఆరేసుకునే చోటు కూడా మిగలదు. అందుకే పైకి పాకిద్దామనుకున్నాం. స్లాబుకు రంధ్రాలు పెడితే ఊరుకోమని పై అంతస్తువారు ముందే చెప్పారు. కురిసేది వాళ్ల ఇంట్లోకే కాబట్టి వారి మాట న్యాయమే. పాత పెయింటు డబ్బాల్లో కాంక్రీటు పోసి, అది గట్టిపడకముందే ఇనుప గొట్టాలు నిలబెట్టాం. కింద మనిషి వంగకుండా నడిచేలా ఆరున్నర అడుగుల ఎత్తున జీఐ తీగ లాగాం. మే నెల గాలిదుమారానికి డబ్బాలు కదల్లేదు.

వల దగ్గర మాత్రం తప్పు చేశాం. చవగ్గా వస్తోందని సన్నకన్నుల వల తెచ్చాం. బీరకాయలు ఆ కన్నుల్లో ఇరుక్కుని, నడుముకు మొలతాడు బిగించినట్టు పెరిగాయి. కోయాలంటే వలనే కత్తిరించాల్సి వచ్చింది. చెయ్యి సులువుగా దూరేంత కన్ను ఉండాలని అప్పుడు తెలిసింది. గుమ్మడికాయలకు పాత చీరలతో ఉయ్యాలలు కట్టాం. చీరలిచ్చిన వారికి కృతజ్ఞతలు. పట్టుచీర ఒకటి పొరపాటున వచ్చింది, దాన్ని తిరిగి ఇచ్చేశాం.

ఇక అసలు గొడవ. సొర (కోస్తా సభ్యులకు ఆనప) పాదు పందిరంతా అల్లుకుంది, పూతా విరగబూసింది, కాయ మాత్రం లేదు. విత్తనం మంచిది కాదని కొందరు, మట్టి మంచిది కాదని కొందరు వాట్సాప్‌లో వారం రోజులు వాదించుకున్నారు. రెండూ కాదు. తొలి పూలు ఎటూ మగవే. ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది. అది వచ్చాక కూడా రాలిపోతోందంటే పుప్పొడి అందలేదన్నమాట. సొరపువ్వు విచ్చుకునేది సాయంత్రం, దాని దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే పురుగులు. మనమేమో పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి వాడిన పూలను చూసి వస్తున్నాం!

అప్పటినుంచి వంతులు వేసుకున్నాం. సొర, బీర, పొట్ల పూలకు సాయంత్రం వంతు. గుమ్మడి, కాకర, దోసలకు ఉదయం వంతు. మగపువ్వు తెంపి, రేకలు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా తాకించడమే పని. దీనికి పిల్లలే ముందుకొచ్చారు. సొరలో ఆడపూలు ఎక్కువగా పక్క కొమ్మలకే వస్తాయి గనక, తీగ పందిరి ఎక్కగానే కొస తుంచేశాం. ఒక సభ్యురాలైతే నా ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పక్క కొమ్మలు వచ్చి పిందెలు పట్టాక వారే మిగతావాళ్ల పాదులూ తుంచి వచ్చారు.

పండు ఈగకు మామిడి తోటల్లో కట్టే మిథైల్ యూజినాల్ ఎర తెచ్చాం. ఈగలు బాగానే పడ్డాయి, కాకరకాయలు పుచ్చడం మాత్రం ఆగలేదు. తీగజాతి కాయలను కుట్టే ఈగ వేరు, దానికి క్యూలూర్ ఎర కావాలి. పైగా ఈ రెండు ఎరలకూ పడేవి మగ ఈగలే, కాయను కుట్టే ఆడ ఈగలు కావు. అందుకని పిందె నిలవగానే కాగితపు సంచి తొడుగుతున్నాం. దీంతో చాలావరకు బయటపడ్డాం.

ఒక మనవి. సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయంతా పారేయండి, కూరకూ రసానికీ వాడొద్దు. ఆ చేదు వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

వచ్చే ఏడాదికి దొండ తీగ ముక్కలు నాటే ఆలోచన ఉంది. పీచు కట్టిన బీరకాయలు మెట్ల దగ్గర బుట్టలో ఉన్నాయి, గిన్నెలు తోముకోవడానికి తీసుకెళ్లండి. పందిరి తూర్పు మూలన తొడిమకు ఎర్రగుడ్డ కట్టిన సొరకాయను విత్తనానికి వదిలాం. దయచేసి దాన్ని ఎవరూ కోయకండి.

కార్యదర్శి