ఔట్స్‌హోర్న్ నుంచి పెదనాన్నగారికి: ఒక పొలం, తరతరాల పంపకాలు

ఔట్స్‌హోర్న్,
దక్షిణాఫ్రికా.

పూజ్యులైన పెదనాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయని అన్నయ్య చెబితే మనసు కుదుటపడింది.

పోయినసారి ఫోన్‌లో మీరు ఈ దేశంలో తెల్లరైతుల భూముల గొడవ ఏమిటని అడిగారు. వ్యక్తుల పేరు మీదున్న పొలాల్లో 72 శాతం తెల్లవారివేనని 2017లో ప్రభుత్వమే లెక్క తేల్చింది. 2025 జనవరిలో భూసేకరణకు కొత్త చట్టం కూడా వచ్చింది. ఆ సంగతులు మీరు పేపర్లో చదివే ఉంటారు. నేను దగ్గరగా చూసింది మరొక తగాదా. అది ఒకే కుటుంబంలో, ఒకే పొలం మీద తరతరాలుగా నడిచింది. జీవితమంతా దస్తావేజులు రాసిన మీకు అందులోని మెలికలు నాకంటే బాగా అర్థమవుతాయని ఇంత వివరంగా రాస్తున్నాను.

మా స్కూల్లో నాకంటే ముందు నుంచీ పనిచేసి ఈమధ్యనే రిటైరైన ఆఫ్రికానర్ పెద్దావిడ ఒకరున్నారు. ఆఫ్రికానర్లంటే ఇక్కడ స్థిరపడిన డచ్చివారు మొదలైన తెల్లవారి సంతతి. తన పుట్టింటివారి పొలం కాగితాలు ఒక పెట్టె నిండా ఉన్నాయనీ, వాటిలోని వాటాల లెక్క ఎవరికీ తేలడం లేదనీ, లెక్కల టీచర్ని కనుక కాస్త కూర్చుని చూడమనీ ఆవిడ నన్ను అడిగారు. తమ ఇంటిపేరు రాయనన్న మాట మీద, ఇదంతా మీకు తెలియజేయడానికి ఒప్పుకున్నారు.

ముందు నేల సంగతి చెప్పాలి. మా ఊరు ఉత్తరాన స్వార్ట్‌బెర్గ్, దక్షిణాన ఔటెనిక్వా కొండల వరసల నడుమ ఉంది. ఈ ప్రాంతాన్ని లిటిల్ కరూ అంటారు. వాన చాలా తక్కువ. కొండవాగు పారినంత మేర పచ్చగా ఉంటుంది, దాటితే రాళ్లూ తుప్పలే. డచ్ ఈస్టిండియా కంపెనీ 1652లో కేప్‌లో, అంటే ఈ దేశపు నైరుతి కొసన, దిగింది. తరవాతి శతాబ్దంలో దాని కింద ఉన్న వలసదారులు పశువుల మందలతో లోపలికి వచ్చినప్పుడు ఈ నేల ఖోయ్‌ఖోయ్ పశుపాలకుల మేత భూమి. కంపెనీ ఆ వలసదారులకు భూమిని సొంతానికి ఇవ్వలేదు, ఏటా శిస్తు కట్టించుకుని అనుభవించుకోమంది. 1732 నుంచి ఆ శిస్తు ఆనాటి డబ్బులో 24 రిక్స్‌డాలర్లు. నడుమ ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి గుర్రం నడకన అరగంటలో ఎంత దూరం పోతే అంతవరకు ఒక పొలం. అలా కొలిస్తే సుమారు 3,000 మోర్గెన్లు, మన లెక్కలో 6,300 ఎకరాలు వస్తుంది. నేల కంపెనీది, దాని మీద కట్టిన ఇల్లూ దొడ్లూ మాత్రమే రైతువి. కాబట్టి రైతు చనిపోతే పంచుకోవలసింది నేలను కాదు, ఆ కట్టడాలనూ పశువులనూ తక్కిన ఆస్తినీ. బ్రిటిష్‌వారు వచ్చాక 1813లో గవర్నర్ క్రాడక్ శాశ్వత శిస్తు పద్ధతి ప్రకటించడంతో నేల వారసత్వంగా దిగే ఆస్తి అయింది. ఈ కుటుంబపు నిజమైన తగాదాలు మొదలైంది అక్కడి నుంచే.

వీరికి వర్తించిన, డచ్చివారు తెచ్చిన రోమన్-డచ్ న్యాయంలో నాకు మిక్కిలి గౌరవం కలిగించిన సంగతి ఒకటుంది. భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి. భర్త పోతే అందులో సగం భార్యదే, మిగిలిన సగం కొడుకులకూ కూతుళ్లకూ సమానం. పిల్లలకు కనీస భాగం దక్కకుండా తండ్రి వీలునామా కూడా రాయలేడు. మన ఆంధ్రలో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చింది 1985 సెప్టెంబరు నుంచి. అంతకు రెండు మూడు వందల ఏళ్ల ముందే కేప్‌లో ఒక రైతు కూతురు అన్నదమ్ములతో సమానంగా వాటా తీసుకుంది.

కానీ ఆ సమానత్వాన్ని మోయగలిగేంత నీరు ఈ నేలలో లేదు. ఆవిడ ముత్తాతల్లో ఒకరు 19వ శతాబ్దం నడుమ ఎనిమిదిమంది పిల్లలను వదిలి చనిపోయారు. భార్యకు సగం పోగా ఒక్కొక్కరికి 16వ వంతు. ఆ ఎనిమిదిమందిలో ఒక కొడుకు పోయేనాటికి, అతని వాటాలో సగం మళ్లీ అతని భార్యకు చేరి, మిగిలింది ఏడుగురు పిల్లలకు పంచితే తలకు 224వ వంతు వచ్చింది. 6,300 ఎకరాల్లో 224వ వంతంటే 28 ఎకరాలు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ అందులో ఎక్కువ భాగం కొండరాయి, పట్టుమని పది గొర్రెలు మేయవు. అసలైన ఆస్తి నీటి వంతు. వారానికి 168 గంటల కాలువ నీటిలో 224వ వంతు ఎంతని లెక్క వేస్తే సరిగ్గా 45 నిమిషాలు వచ్చింది. ఆ 45 నిమిషాలు ఒకరికి పగటిపూట, మరొకరికి అర్ధరాత్రి దాటాక వచ్చేవి. తమ్ముడు తూము ముందే తిప్పాడనీ, మరదలు లాంతరు పట్టుకుని కాపలా కాసిందనీ, పారతో కొట్టుకున్నారనీ ఆ కాగితాల్లో ఫిర్యాదులు ఉన్నాయి. కృష్ణా కాలువ కింద వంతు నీటి కోసం నిద్ర మానుకున్న ఇంట్లో పుట్టినదాన్ని కనుక, ఆ ఫిర్యాదుల్లో ఎవరిదీ దురాశ అని నాకు అనిపించలేదు. 45 నిమిషాల నీటితో పిల్లలను పెంచవలసినవారు ఐదు నిమిషాలు పోతే ఊరుకోలేరు.

తరవాత ఉష్ట్రపక్షి ఈకల కాలం వచ్చింది. యూరప్ ఆడవారి టోపీలకు ఆ ఈకలు కావలసి రావడంతో ఈ ఊరి పంట పండింది. 1913లో ఈ దేశపు ఎగుమతుల్లో బంగారం, వజ్రాలు, ఉన్ని తరవాత నాలుగో స్థానం ఈ ఈకలదే. పక్షుల మేతకు లూసర్న్ గడ్డి కావాలి, గడ్డికి నీరు కావాలి. దాంతో వాగు ఒడ్డున ఉన్న సన్నటి చెక్కల ధర ఆకాశానికి ఎగిసింది. ఆ ధర పెరగబోయే ముందే ఇంటి పెద్దకొడుకు తన చెల్లెలి వాటాను ఒక ఎడ్లబండికీ కొద్దిపాటి పౌండ్లకూ రాయించుకున్నాడు. రిజిస్ట్రేషన్ సక్రమంగానే జరిగింది. చెల్లెలు కోర్టుకు వెళ్లి ఓడిపోయింది, ఖర్చులు కూడా ఆమె మీదే పడ్డాయి. అయితే అన్నగారు ఆ కొనుగోలుకు ముందే ఒక వ్యాపారితో గడ్డి సాగుకు ఒప్పందం మాట్లాడుకున్న ఉత్తరం ఈ పెట్టెలో ఉంది. ఆ ఉత్తరం చెల్లెలు ఎన్నడూ చూడలేదు. చట్టం అన్నగారి వైపే ఉన్నా ఆయన చేసింది మోసమేనని నా అభిప్రాయం, పెద్దావిడ అభిప్రాయం కూడా అదే. ఆ రెండు శాఖలవారూ చర్చిలో ఎదురెదురు వరసల్లో కూర్చుని ఒకరినొకరు పలకరించుకోకుండానే ముసలివాళ్లయ్యారట.

1914లో ఈకల మార్కెట్ కూలిపోయింది. ఫ్యాషన్ మారింది, ఈకల టోపీలు ఇమడని మోటారు కార్లు వచ్చాయి, యుద్ధమూ వచ్చింది. అప్పు చేసి చెక్కలు కొన్నవారంతా మునిగారు. ఈ కుటుంబంలో చివరి తమ్ముడు భూమి పోగొట్టుకుని, పెదతండ్రి కొడుకు పొలంలోనే ఒక గుడిసె వేసుకుని, పని చేసిపెట్టి తిండి తినే బైవోనర్‌గా మిగిలాడు. అలాంటివారు దేశమంతటా ఉండేవారు. పేద తెల్లవారి సమస్య మీద, అమెరికాలోని కార్నెగీ సంస్థ డబ్బుతో పనిచేసిన కార్నెగీ కమిషన్ 1932లో ఇచ్చిన నివేదిక, వారసత్వంగా పొలాలు ముక్కలు కావడాన్ని కూడా ఆ పేదరికపు కారణాల్లో ఒకటిగా చెప్పింది. ఆ తమ్ముడి కొడుకులకు రైల్వేలో కూలిపని దొరికింది. 1924 తరవాతి ప్రభుత్వం తెల్లవారికే ఆ పనులు దక్కేలా నల్లవారిని తొలగించిన విధానం వల్లనే అది దొరికిందని పెద్దావిడ నాతో స్పష్టంగా అన్నారు. తన సొంత బంధువుల అన్నం గురించి అలా చెప్పగలగడం చిన్న విషయం కాదు.

ముక్కలు కావడం చూసి భయపడిన తరం దానికి సరిగ్గా ఎదురు పని చేసింది. పిల్లల కనీస భాగాన్ని కేప్ చట్టసభ 1874లోనే తీసివేసింది కనుక తండ్రికి ఇప్పుడు ఇష్టమొచ్చినట్టు రాసే అధికారం ఉంది. ఆవిడ తాతగారు మిగిలిన ముక్కలను కొన్ని కొని, కొన్ని అడిగి మళ్లీ ఒకటి చేశారు. పొలమంతా పెద్దకొడుకుకూ, అతని తరవాత అతని పెద్దకొడుకుకూ చెందాలనీ, అమ్మకూడదనీ, తాకట్టు పెట్టకూడదనీ వీలునామా రాశారు. తక్కిన పిల్లలకు డబ్బు ఇవ్వాలని కూడా రాశారు, కానీ తాకట్టు పెట్టకూడని పొలం నుంచి ఆ డబ్బు ఎలా తేవాలో రాయలేదు. మీ అనుభవంలో ఇలాంటి వీలునామాలు ఎన్ని చూశారో! కూతుళ్లకు రావలసినది కాగితం మీద ఉండిపోయింది. ఇలాంటి నిర్బంధాలు రెండు తరాలకు మించకూడదనీ, కోర్టు వాటిని సడలించవచ్చుననీ 1965లో చట్టం వచ్చింది. 1970లో వచ్చిన ఇంకొక చట్టం ప్రకారం మంత్రి అనుమతి లేనిదే వ్యవసాయ భూమిని విభజించడానికి వీల్లేదు. దాన్ని రద్దు చేస్తూ 1998లో చట్టం చేసినా అది అమల్లోకి రాలేదు. కాబట్టి ఈనాటికీ అక్కచెల్లెళ్లు మా వాటా కోసి ఇమ్మంటే కోసి ఇచ్చే దారి దాదాపు లేదు.

పెద్దావిడ సొంత కష్టం కూడా ఇందులోనిదే. వాళ్ల నాన్నగారు పొలం కొడుకుకు రాశారు. తల్లికి జీవితకాలపు అనుభవ హక్కు ఉంచి, కూతుళ్లిద్దరికీ పదేళ్లలో వాయిదాలుగా డబ్బు చెల్లించమన్నారు. 2011లో ఇక్కడి ఉష్ట్రపక్షులకు బర్డ్ ఫ్లూ సోకి, పచ్చిమాంసాన్ని యూరప్ కొనడం మానేసింది. ఆ నిషేధం ఏళ్ల తరబడి సాగింది, తరవాత కరువు వచ్చింది. తమ్ముడు వాయిదాలు ఆపేశాడు. ఆపేస్తున్నానని చెప్పడానికి మొహమాటపడి లాయరు చేత ఉత్తరం రాయించాడు. డబ్బు రాకపోయినా భరించేదాన్ననీ, సొంత తమ్ముడి మాట లాయరు సంతకంతో రావడమే భరించలేకపోయాననీ ఆవిడ నాతో అన్నారు. తల్లి సమాధి దగ్గర కూడా ఆ అక్కాతమ్ముళ్లు వేరువేరుగా నిలబడ్డారట. ఇప్పుడు మాగాణి భాగాన్ని పొరుగు రైతుకు కౌలుకిచ్చి, ఆ కౌలులోంచి అక్కలకు ఏటా కొంత ఇచ్చే ఒప్పందం కుదిరింది. అందుకే పాత కాగితాలన్నీ బయటికి తీయవలసి వచ్చింది.

ఆ కాగితాలన్నిటిలో నన్ను ఎక్కువగా కలచివేసింది అన్నిటికంటే పాతది. అది కంపెనీ కాలపు ఆస్తి జాబితాకు నకలు. అందులో ఎడ్లు, గొర్రెలు, రాగి పాత్రలు, వాటి తరవాత బానిసలు, ఒక్కొక్కరి పేరు ఎదురుగా ధర ఉన్నాయి. అందులో ఒకతని పేరు పక్కన కోరమండల్ తీరం వాడని రాసి ఉంది. డచ్చివారు మన తీరం నుంచి మనుషులను కొని ఓడల్లో తీసుకుపోయారని చదివాను కానీ, ఆ అక్షరాలను కళ్లతో చూసినప్పుడు చేతులు చల్లబడ్డాయి. అతను పులికాట్ వాడో, నాగపట్నం వాడో, మన బందరు వాడో ఆ కాగితం చెప్పదు. 1605 నుంచి డచ్చివారి కొట్లు మన బందరులో ఉండేవనీ, వలందపాలానికి ఆ పేరు వారి వల్లనే వచ్చిందనీ మీరే నాకు చిన్నప్పుడు చెప్పారు. ఆ జాబితా ప్రకారం అతను ఒక కొడుకు వాటాకూ, అదే ఇంట్లోని ఒక తల్లీ ఆమె బిడ్డా వేరువేరు వాటాలకూ పోయారు. పొలం కోసం వాదించుకున్న ఇన్ని తరాల ఫిర్యాదుల్లోనూ ఈ ప్రస్తావన లేదు.

బానిసత్వం 1834లో రద్దయింది. దాని తరవాత కూడా నాలుగేళ్ల అప్రెంటీసు పేరుతో వారిని అక్కడే ఉంచారు. ఇప్పుడు ఆ పొలంలో తాతల నాటి నుంచి ఉంటున్న ఒక కూలి కుటుంబం ఉంది. వారిని కోర్టు ఉత్తర్వు లేకుండా వెళ్లగొట్టరాదని 1997 చట్టం చెబుతుంది. కానీ లాయరు రాసిన కౌలు ఒప్పందపు ముసాయిదాలో వారి ఇంటి గురించి ఒక్క వాక్యమూ లేదు. ఆ ఇల్లు, దాని పెరడు, వారి కుటుంబ సమాధులకు వెళ్లే దారి పేరుపేరునా రాస్తేనే సంతకం పెడతానని పెద్దావిడ పట్టుబట్టారు. తమ్ముడు మొదట కోప్పడ్డాడు, తరవాత ఒప్పుకున్నాడు. ఇన్ని తరాల కాగితాల్లో ఆ మనుషులకు ఒక హక్కు ఉందని రాసిన మొదటి కాగితం అదే.

పెదనాన్నగారూ, ఇదంతా చదివాక మీకు నా మనసులోని మాట అర్థమయ్యే ఉంటుంది. తాతగారి పొలం పంపకపు దస్తావేజు మీరు రాస్తున్నారనీ, చిన్నత్తయ్య చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారనీ అన్నయ్య చెప్పాడు. అత్తయ్య కాదనదు, మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ సంతకానికి ముందు ఆమెను ఇంటికి పిలిచి, ఇప్పటి ధర ఎంతో, రోడ్డు పక్క ముక్కకు బేరం వచ్చిన సంగతి ఏమిటో, అందరి ఎదుటా చెప్పండి. ఆమెకు భూమి కావాలో, డబ్బు కావాలో, నిజంగానే ఏమీ వద్దో ఆమెనే అడగండి. డబ్బంటే, ఏ తేదీకి ఎంత, ఎవరు ఇస్తారో దస్తావేజులోనే రాయండి. నా వాటా సంగతి నేను వచ్చినప్పుడు మాట్లాడుకుందాం, దానికి తొందర లేదు. అత్తయ్యది మాత్రం నేను వచ్చేవరకు ఆపగలిగితే ఆపండి. వీలు కాకపోతే ముసాయిదా ఒకటి నాకు పంపండి, చదివి రాస్తాను.

పెద్దమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ అమ్మాయి