ఆ కాగితం పరిచి పెట్టు

చిన్నోడా,

ప్రభువు నామంలో అమ్మ దీవెనలు. మేం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మెట్లు ఎక్కొద్దంటే మాత్రం వినడం లేదు. అక్క పాపకి రెండో పన్ను వచ్చింది. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి 19 రోజులు.

రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు? మొన్న వీడియో కాల్‌లో కళ్ళ కింద నలుపు చూశాను. కళ్ళద్దాల నంబరు మారిందేమో, పరీక్ష చేయించుకో.

చిన్నత్త ఏదో అంది. మీ కొత్త మేనేజరు తప్పుడు లెక్క మీద నీ సంతకం అడుగుతున్నాడట, నీ ఉద్యోగం నా చేతిలో ఉందన్నాడట. నిజమో కాదో, నేను అడగను. నీకు చెప్పాలనిపిస్తే చెబుతావు.

ఈ నెల సండే స్కూల్లో యూదా రాజు హిజ్కియా పాఠం నేనే చెబుతున్నాను. పిల్లలకి దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మంది శత్రు సైనికుల్ని హతం చేసిన సంగతే కావాలి. నాకేమో అంతకుముందు జరిగింది మనసులోంచి పోవడం లేదు. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చినప్పుడు హిజ్కియా మొదట ఏం చేశాడు? తప్పు చేశాను, నువ్వెంత వేస్తే అంత కడతానని, ఆ రాజు దిగి ఉన్న లాకీషుకు కబురు పంపాడు. 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం. తలాంతు అంటే ఆ కాలపు పెద్ద తూకం. మందిరం తలుపులకు తను వేయించిన బంగారాన్ని తనే ఒలిపించి ఇచ్చాడు. తీసుకున్నవాడు ఊరుకున్నాడా? యెరూషలేము మీదికి సైన్యాన్ని పంపాడు. భయపడి ఒకసారి ఇస్తే రెండోసారి అడగడానికి మనమే దారి చూపించినట్టు నాన్నా. ఆ తర్వాత బెదిరింపు ఉత్తరం వస్తే మాత్రం హిజ్కియా దాన్ని మందిరానికి తీసుకెళ్ళి దేవుడి ముందు పరిచాడు.

నాన్నగారికి మెమో వచ్చిన రోజు నువ్వు ఇంకా ఒళ్ళో పిల్లాడివి. పై అధికారి చెప్పినట్టు రాయనన్నందుకు ఇచ్చారు. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. ఆయన ఆ కాగితాన్ని మడత పెట్టడం, విప్పడం, మళ్ళీ మడత పెట్టడం. నాయనమ్మ చూసి చూసి చేతిలోంచి లాక్కుంది. మంచం మీద పరిచి, నాలుగు మూలలూ అరచేత్తో సాపు చేసి, "ప్రభువా, నాకు చదువు రాదు, నువ్వే చదువుకో" అని మోకాళ్ళూనింది. మర్నాడు నాన్నగారు ఉన్నది ఉన్నట్టు జవాబు రాశారు. ఏ దూతా రాలేదు. బదిలీ చేశారు, ప్రమోషన్ మూడేళ్ళు ఆపేశారు. ఆ మూడేళ్ళూ బాగా ఇబ్బంది పడ్డాం, నీ దగ్గర దాచను. కానీ జవాబు రాసిన రాత్రి నుంచి ఆయనకి నిద్ర పట్టింది. అందుకే నిన్ను పదే పదే నిద్ర గురించి అడిగేది.

నిన్ను విడిపించడానికీ సిలువ వేయించడానికీ నాకు అధికారం ఉందని రోమా అధిపతి పిలాతు యేసు ప్రభువుతో అన్నాడు. ప్రభువు ఆ అధికారం లేదనలేదు, పైనుంచి ఇవ్వబడిందని చెప్పాడు. మీ మేనేజరుదీ అంతే. అలాగని అతన్ని తేలిక చేసి మాట్లాడకు. అధికారులకు లోబడమనే రోమా 13 కూడా మన బైబిల్లోనే ఉంది. న్యాయమైన పని ఏది చెప్పినా వేళకు చెయ్యి, అతని కోసం పేరు పెట్టి ప్రార్థన చెయ్యి. అబద్ధం దగ్గర మాత్రం పేతురు అన్నదే, మనుషులకు కాదు దేవుడికే లోబడాలి. ఆ మాటన్నందుకు అపొస్తలులు దెబ్బలు తిన్నారు, అదీ నీకు తెలుసు.

అడగనన్నాను గానీ మళ్ళీ అక్కడికే వచ్చాను. జవాబు ఏదిచ్చినా నోటితో కాకుండా రాసి ఇవ్వు, నకలు నీ దగ్గర ఉంచుకో. కోపంలో రాజీనామా రాయకు. ఉద్యోగం పోతే ఇంటికి రా, నీ గది అలాగే ఉంది, దుప్పట్లు ఉతికించాను.

వాళ్ళు ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే ఫోటో తీసి పంపు. ప్రింటు తీయించి ఇక్కడ మంచం మీద నేనూ పరుస్తాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి, ఎంతసేపైనా ఎదురు చూస్తాను.

అమ్మ