ఆదివారం అందరం వైఫై సెట్టింగ్స్ సరిచేద్దాం

అందరికీ నమస్కారం.

సాయంత్రం అయ్యేసరికి వైఫై నెమ్మదిస్తోందని చాలామంది అంటున్నారు. మొన్న ఫోన్‌లో చూస్తే మన బిల్డింగ్‌లో సగానికి పైగా రౌటర్లు ఒకే ఛానెల్ (సిగ్నల్ వెళ్లే రేడియో దారి) మీద ఉన్నాయి. అదే అసలు ఇబ్బంది.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు అందరం ఒకేసారి మార్చుకుందాం. ఒక్కరు మారిస్తే లాభం ఉండదు.

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. 3, 4 లాంటివి పెడితే రెండు వైపులా గొడవే.
మొదటి అంతస్తు: 1
రెండు: 6
మూడు: 11
నాలుగు: మళ్లీ 1
ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. టీవీ, ల్యాప్‌టాప్‌లను వీలైతే 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

పనిలో పనిగా సెక్యూరిటీ కూడా. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అదే, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. పాత పద్ధతి డబ్ల్యూఈపీ అస్సలు వద్దు, నిమిషాల్లో ఛేదించేస్తారు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు బటన్ లేదా పిన్‌తో కనెక్ట్ చేసే సదుపాయం) ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చాలి. చాలామంది రెండోది మర్చిపోతారు, దయచేసి మీరు మర్చిపోకండి.

శనివారం రాత్రిలోపు అడ్మిన్ లాగిన్ పనిచేస్తుందో లేదో చూసుకోండి. రాకపోతే ఇక్కడే చెప్పండి, వచ్చి చూస్తాను. పాస్‌వర్డ్‌లు మాత్రం గ్రూప్‌లో పెట్టకండి.